సూది వాళ్ల చేతికి ఎప్పుడివ్వాలి?
షుగరు ఉన్న పిల్లలకు బాధ్యత నేర్పడం

(చిన్నపిల్లల షుగరు క్లినిక్‌కు వచ్చే కుటుంబాల సమావేశంలో ఒక స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)



మీ బిడ్డకు టైప్ 1 షుగరు ఉందని తెలిసిన రోజు మీరందరూ అడిగే మొదటి ప్రశ్న, "ఇది ఎప్పటికి తగ్గుతుంది సిస్టర్?" అని. రెండో ప్రశ్న, "రోజూ సూదులు ఎవరు వేస్తారు?" అని. ఆ రెండో ప్రశ్నకు మొదట్లో జవాబు సులువే. మీరే వేస్తారు. వార్డులో ఉన్న నాలుగు రోజుల్లో మేము నేర్పి పంపిస్తాం. కాని ఆ జవాబు ఎల్లకాలం సరిపోదు. ఆరేళ్ల పిల్ల పదహారేళ్లదవుతుంది. బడికి, హాస్టలుకు, ఆ తర్వాత ఉద్యోగానికి వెళ్తుంది. ఏదో ఒక రోజు ఆ సూది మీ చేతిలోంచి ఆ బిడ్డ చేతికి మారాలి. ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి, మార్చిన తర్వాత మీ పని ఏమిటి అన్నదే ఈ రోజు మనం మాట్లాడుకునే విషయం.

ముందుగా జబ్బు గురించి నాలుగు మాటలు

మన కడుపులో క్లోమం అనే గ్రంథి ఉంది. తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో చేరినప్పుడు, ఆ చక్కెరను ఒంటికి పట్టించే ఇన్సులిన్‌ను అదే తయారుచేస్తుంది. టైప్ 1 షుగరులో మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున ఆ గ్రంథిలోని ఇన్సులిన్ కణాలను నాశనం చేస్తుంది. మిఠాయిలు ఎక్కువ తిన్నందువల్ల ఇది రాలేదు. తల్లి గర్భవతిగా ఉన్నప్పుడు ఏదో తిన్నందువల్లా రాలేదు. ఎవరి తప్పూ లేదు. ఈ మాట ఇంట్లో పెద్దలందరికీ చెప్పండి, ముఖ్యంగా కోడలిని తప్పుపట్టే వారికి.

పెద్దవాళ్లకు వచ్చే షుగరుకు వాడే మాత్రలు ఈ పిల్లలకు పనిచేయవు. కాకరకాయ రసం, పొడపత్రి ఆకు, పసరు మందులు ఇన్సులిన్ స్థానంలోకి రాలేవు. ప్రార్థన చేసుకోండి, మొక్కులు తీర్చుకోండి, అది మీ విశ్వాసం. ఇన్సులిన్ మాత్రం ఒక్క రోజు కూడా ఆపకండి. ఇన్సులిన్ లేని కాలంలో ఈ జబ్బు వచ్చిన పిల్లలు కొద్ది నెలలో, ఒకటి రెండేళ్లో బ్రతికేవారు. 1922 జనవరిలో కెనడాలోని టొరంటో నగరంలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. చావుకు దగ్గరైన ఆ పిల్లవాడు కోలుకుని మరో 13 ఏళ్లు బ్రతికాడు. ఈనాడు సరిగా చూసుకుంటే మన పిల్లలు చదువుకుని, ఉద్యోగాలు చేసి, పెళ్లిళ్లు చేసుకుని, మనవలను ఎత్తుకునేదాకా బ్రతుకుతారు. ఆ "సరిగా చూసుకుంటే" అన్న మాటలోనే అంతా ఉంది. ఎవరు చూసుకోవాలి?

చేతికి వచ్చింది, తలకు వచ్చిందా?

మా దగ్గరికి రెండు రకాల కుటుంబాలు వస్తాయి.

మొదటి రకం వారు పిల్లలను ఏదీ ముట్టుకోనివ్వరు. పదిహేనేళ్ల అబ్బాయికి తల్లే వేలు గుచ్చుతుంది, తల్లే సూది వేస్తుంది, "ఎన్ని యూనిట్లు వేస్తారు బాబూ?" అని డాక్టరు గారు అడిగితే తల్లే జవాబు చెబుతుంది. ఆ అబ్బాయి గోడ వైపు చూస్తూ కూర్చుంటాడు. ఆ తల్లికి జ్వరం వచ్చినా, పుట్టింట్లో చావు కబురు వచ్చినా ఆ ఇంట్లో ఇన్సులిన్ ఆగిపోతుంది.

రెండో రకం వారు దీనికి పూర్తిగా ఎదురు. పదేళ్ల పాప తనే సూది వేసుకోవడం చూసి మురిసిపోతారు. "మా పాప చాలా తెలివైనది సిస్టర్, అన్నీ తనే చూసుకుంటుంది, మేము అసలు పట్టించుకోనక్కర్లేదు" అంటారు. మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ పరీక్ష చేస్తే 11 శాతం, 12 శాతం ఉంటుంది. ఇది గత రెండు మూడు నెలల్లో షుగరు సగటున ఎలా ఉందో చెప్పే పరీక్ష. సాధారణంగా 7 శాతం లోపు ఉండాలని చూస్తాం. మీ బిడ్డకు ఎంత ఉండాలో డాక్టరు గారు చెబుతారు.

ఈ రెండో రకంలో ఎక్కడ తేడా వచ్చింది? సూది వేసుకోవడం చేతి పని. తొమ్మిది పదేళ్ల పిల్లలు దాన్ని పెద్దవాళ్లకంటే త్వరగా నేర్చుకుంటారు. కాని ప్రతి రోజూ, ప్రతి పూటా, ఆట మధ్యలో కూడా గుర్తుపెట్టుకుని లేచి రావడం, అన్నం ఎక్కువ తిన్న రోజు ఏమి చెయ్యాలో ఆలోచించడం, ఒంట్లో బాగాలేనప్పుడు నిర్ణయం తీసుకోవడం తల పని. అది వయసుతో, అలవాటుతో, పక్కన ఒక పెద్ద తోడుంటేనే వస్తుంది. చేతికి వచ్చింది కదా అని తలకు కూడా వచ్చేసిందనుకోవద్దు.

సైకిలు నేర్పడం మీ అందరికీ తెలుసు. మొదట వెనక సీటు పట్టుకుని పరుగెత్తుతాం. తర్వాత పట్టుకున్నట్టే ఉండి చెయ్యి వదులుతాం. ఇంకొన్నాళ్లు పక్కనే నడుస్తాం. ఆ తర్వాత వీధి చివర నిలబడి చూస్తాం. మొదటి రోజే తోసేసి ఇంట్లోకి వెళ్లిపోయే తండ్రి లేడు. ఇరవై ఏళ్లు వచ్చేదాకా సీటు పట్టుకునే తండ్రీ లేడు. ఇదీ అంతే.

ఏ వయసులో ఏ పని

ఇక్కడ చెప్పే వయసులు ఒక అంచనా మాత్రమే. కొందరు ముందు నేర్చుకుంటారు, కొందరికి సమయం పడుతుంది. పక్కింటి పిల్లలతో పోల్చవద్దు.

అయిదేళ్ల లోపు: అన్ని పనులూ మీవే. అయినా బిడ్డకు ఒక చిన్న ఎంపిక ఇవ్వండి. "ఈ రోజు ఏ వేలు గుచ్చుదాం?", "సూది కుడి తొడకా, ఎడమ తొడకా?" అని అడగండి. "సూది వేయించుకుంటావా, లేదా?" అని మాత్రం అడగకూడదు. అది ఎంపిక కాదు. వేయించుకుని తీరాలి. ఎక్కడ వేయించుకోవాలో మాత్రం తన ఇష్టం.

ఆరు నుంచి ఎనిమిదేళ్లు: సబ్బుతో చేతులు కడుక్కుని తుడుచుకోవడం, స్ట్రిప్పు మీటరులో పెట్టడం, వేలు కొస పక్కన గుచ్చుకోవడం, వచ్చిన నంబరు మీకు చదివి చెప్పడం నేర్పండి. పండు ముట్టుకున్న చేతితో పరీక్ష చేస్తే షుగరు ఎక్కువ చూపిస్తుందని ఒకసారి చేసి చూపండి, ఇక మరచిపోరు. అన్నింటికంటే ముఖ్యంగా "నాకు లో అవుతోంది" అని చెప్పడం ఈ వయసులోనే నేర్పాలి.

తొమ్మిది నుంచి పదకొండేళ్లు: మీరు పక్కన నిలబడి ఉండగా సూది తనే వేసుకోవచ్చు. మందు ఎంత తీసిందో మీరు చూడాలి. సీసాలోని మందు పాలలా తెల్లగా ఉండే రకమైతే రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి కలపాలని, గట్టిగా కుదపకూడదని నేర్పండి. రోజూ ఒకే చోట వేసుకుంటే నొప్పి తెలియదని పిల్లలు అదే చోట వేసుకుంటారు. అక్కడ గడ్డ కడుతుంది, మందు సరిగా ఒంటికి పట్టదు. పొట్ట, తొడలు, పిరుదులు, జబ్బలు మారుస్తూ ఉండాలి. వారానికి ఒకసారి మీరు ఆ చోట్లన్నీ చేత్తో తడిమి చూడండి.

పన్నెండు నుంచి పదిహేనేళ్లు: తినబోయేదాన్ని బట్టి, షుగరు నంబరును బట్టి ఎన్ని యూనిట్లు కావాలో ముందు బిడ్డను చెప్పమనండి. మీరు సరిచూడండి. సరిగా చెబితే "అవును, అంతే" అనండి. తప్పు చెబితే "మళ్లీ ఒకసారి చూడు" అనండి. ఈ వయసులో మీ పని చెయ్యడం కాదు, సరిచూడడం. కాని ఆ పని మానకూడదు.

పదహారు దాటాక: రోజువారీ పని తనదే. డాక్టరు గారితో తనే మాట్లాడాలి. కొంతసేపు మీరు బయట కూర్చోండి. వాళ్లు మీ ముందు అడగలేని ప్రశ్నలు ఉంటాయి. ఇన్సులిన్ అయిపోకముందే తెచ్చుకోవడం, తారీఖు చూసుకుని పరీక్షకు రావడం అప్పగించండి. మీరు రోజుకు ఒకసారి అడిగితే చాలు.

నేర్పే పద్ధతి

ఏ పనినైనా నాలుగు మెట్లలో నేర్పండి. మొదట మీరు చేస్తూ, ఎందుకు చేస్తున్నారో చెప్పండి. తర్వాత ఇద్దరూ కలిసి చెయ్యండి. ఆ తర్వాత బిడ్డ చేస్తుంటే మీరు మాట్లాడకుండా చూడండి. చివరగా, "నువ్వు చేసింది నాకు చెప్పు" అని అడిగి ఊరుకోండి. ఒక మెట్టు మీద కనీసం రెండు వారాలు నిలబడండి. ఒకేసారి రెండు పనులు అప్పగించవద్దు.

పరీక్షలప్పుడు, ఇంట్లో పెళ్లి ఉన్నప్పుడు, ఊరు మారినప్పుడు ఒక మెట్టు వెనక్కి రండి. "ఈ వారం సూది నేను వేస్తాలే, నువ్వు చదువుకో" అంటే అది ఓటమి కాదు. పెద్దవాళ్లకు కూడా రోజూ సూది వేసుకుని విసుగొస్తుంది. పిల్లలకు రాదా?

నంబరు చూసి తిట్టకండి

ఇది ఈ రోజు మీరు ఇంటికి తీసుకెళ్లవలసిన ముఖ్యమైన మాట.

క్లినిక్‌కు పిల్లలు తెచ్చే నోటుబుక్కులు కొన్ని చాలా అందంగా ఉంటాయి. 110, 120, 115, 125. అన్నీ ఒకే పెన్నుతో, ఒకే రోజు రాసినట్టు ఉంటాయి. హెచ్‌బీఏ1సీ చూస్తే 10 శాతం దాటి ఉంటుంది. మీటరులోని మెమరీ నొక్కి చూస్తే 280, 340, 300. కొన్ని రోజులు అసలు పరీక్షే ఉండదు. అంటే బిడ్డ అబద్ధపు నంబర్లు రాసింది. ఆ బిడ్డ దొంగ కాదు. భయపడింది.

ఇంట్లో ఏం జరుగుతుందో ఆలోచించండి. మీటరు 300 చూపించింది. వెంటనే, "ఏం తిన్నావ్? దొంగతనంగా ఏం తిన్నావ్? నీకెన్నిసార్లు చెప్పాలి? స్ట్రిప్పులకే ఇంత డబ్బు పోస్తున్నాం" అని మొదలవుతుంది. నాన్న ఒక మాట, నాయనమ్మ ఒక మాట. రెండోసారి 300 వచ్చినప్పుడు బిడ్డ 130 అని చెబుతుంది. ఇల్లంతా సంతోషం. అబద్ధం చెబితే ప్రశాంతత, నిజం చెబితే తిట్లు అని మనమే నేర్పినట్టు అయింది. మనకు అందాల్సిన హెచ్చరిక అందకుండా పోయింది.

షుగరు నంబరు పరీక్ష మార్కు కాదు. బండికి పెట్రోలు ముల్లు లాంటిది. ముల్లు తక్కువ చూపిస్తే ఎవరూ ముల్లును తిట్టరు, పెట్రోలు పోయిస్తారు. నంబరు ఎక్కువైతే కారణాలు చాలా ఉంటాయి. ఎక్కువ తిని ఉండవచ్చు. సూది మరచిపోయి ఉండవచ్చు. జలుబు, జ్వరం, చిగుళ్ల వాపు ఉండవచ్చు. ఎండకు మందు పాడైపోయి ఉండవచ్చు. గడ్డ కట్టిన చోట వేసుకుని ఉండవచ్చు. ఎదిగే వయసులో శరీరంలో జరిగే మార్పుల వల్ల ఇన్సులిన్ అంత బాగా పనిచేయదు, అప్పుడు బిడ్డ అన్నీ సరిగా చేసినా షుగరు పెరుగుతుంది, మందు పెంచవలసి వస్తుంది.

కాబట్టి ఎక్కువ వచ్చినప్పుడు మూడే మాటలు అనండి. "చెప్పావు, మంచి పని చేశావు." "ఎందుకై ఉంటుంది?" "ఇప్పుడేం చేద్దాం?" మీ గొంతులో కోపం ఉంటే ఒక గ్లాసు నీళ్లు తాగి వచ్చి అనండి. సూది మరచిపోయానని ఒప్పుకున్న బిడ్డను ఆ రోజు శిక్షించవద్దు. రేపు మరచిపోకుండా ఏం చేద్దామో అడగండి. పళ్లు తోముకునే బ్రష్షు పక్కన చీటీ పెట్టుకుంటుందో, ఫోనులో అలారం పెట్టుకుంటుందో తనే చెబుతుంది. తను చెప్పిన ఉపాయాన్ని తను పాటిస్తుంది.

ఇంకో మాట. నోటుబుక్కు నమ్మకం, మీటరు సరిచూపు. వారానికి ఒకసారి బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని మీటరు మెమరీ కలిసి చూడండి. దొంగచాటుగా చూడవద్దు. "ఆదివారం మధ్యాహ్నం మనిద్దరం మీటరు చూస్తాం" అని ముందే చెప్పి చూడండి.

పిల్లలకు ఎప్పుడూ ఒంటరిగా వదలకూడని పనులు

ఎంత తెలివైన పిల్లలైనా ఈ నాలుగింటిలో పెద్దవారు ఉండాలి.

1. సీసా, సిరంజి సరిచూడడం. మన దేశంలో ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు ఉండే సీసాలు, 100 యూనిట్లు ఉండే సీసాలు రెండూ దొరుకుతాయి. 40 సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 సీసాకు నారింజ రంగు మూత సిరంజి వాడాలి. 100 సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో 10 గీత వరకు తీస్తే, ఒంట్లోకి వెళ్లేది 10 యూనిట్లు కాదు, 25 యూనిట్లు. బిడ్డ స్పృహ తప్పిపోవచ్చు. నారింజ మూత సిరంజితో 40 సీసాలోంచి 10 గీత వరకు తీస్తే వెళ్లేది 4 యూనిట్లే, షుగరు పెరిగిపోతుంది. పెన్నులో వేసే గొట్టాల్లో సాధారణంగా ఉండేది 100 రకం. దానిలోంచి సిరంజితో మందు లాగవద్దు. మందుల షాపు నుంచి తెచ్చిన ప్రతిసారీ సీసా మీద అంకె మీరే చదవండి. చదవడం రాకపోతే మా దగ్గరికి తెచ్చి చూపించండి.

2. మందును భద్రపరచడం. వాడని సీసాలను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. తలుపు అరలో పెట్టవచ్చు కాని పైన మంచు గది దగ్గర పెట్టకూడదు. గడ్డ కట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. మూత తీసి వాడుతున్న సీసా ఇంట్లో చల్లని చోట సుమారు 4 వారాలు ఉంటుంది. మొదలుపెట్టిన తేదీ దాని మీద రాయండి. ఫ్రిజ్ లేని ఇళ్లలో, పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి, మందు సీసాను మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉంచి ఆ చిన్న కుండలో పెట్టండి. పైన తడిగుడ్డ కప్పి నీడలో, గాలి తగిలే చోట పెట్టాలి. మన ఎండల్లో ఆటోలో, బస్సులో, స్కూలు బ్యాగులో మందు గంటలకొద్దీ ఉండకూడదు.

3. ఒంట్లో బాగాలేని రోజులు. జ్వరం వచ్చి అన్నం తినకపోతే "తినలేదు కదా, సూది ఎందుకు?" అని ఆపేస్తారు. ఈ పిల్లలు ప్రాణం మీదికి తెచ్చుకునేది ఎక్కువగా ఇలాగే. తినకపోయినా ఒంటికి కొంత ఇన్సులిన్ కావాలి. ఆపకండి. ఎంత వెయ్యాలో ఫోను చేసి అడగండి. షుగరు మాటిమాటికి చూడండి, నీళ్లు తాగించండి. రెండుసార్లకంటే ఎక్కువ వాంతులు, కడుపునొప్పి, గట్టిగా ఆయాసపడినట్టు ఊపిరి, నోట్లోంచి పండిన పండు వాసన, మత్తు, వీటిలో ఏది కనిపించినా రాత్రయినా సరే ఆసుపత్రికి రండి. తెల్లవారనివ్వకండి.

4. లో షుగరు. ఇది పిల్లలు తెలుసుకోవాలి, కాని చూసుకోవలసింది పక్కవాళ్లు. చెమటలు, వణుకు, విపరీతమైన ఆకలి, తలనొప్పి, ఉన్నట్టుండి చిరాకు, తికమక మాటలు దీని గుర్తులు. 70 కంటే తక్కువ ఉంటే, లేదా పరీక్షించే వీలు లేకపోతే, వెంటనే చక్కెర ఇవ్వండి. 15 కిలోల బిడ్డకు ఒక టీ చెంచా, 30 కిలోల బిడ్డకు రెండు, 50 కిలోలు ఉన్నవారికి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వాలి. చాక్లెట్ ఆలస్యంగా పనిచేస్తుంది. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ ఇవ్వండి. స్పృహ లేని బిడ్డ నోట్లో నీళ్లు గాని, మరేదైనా గాని పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మీ దగ్గర గ్లూకగాన్ ఇంజెక్షను ఉండి, నేర్పించుకుని ఉంటే వెయ్యండి. 108కి ఫోను చెయ్యండి.

బడి, హాస్టలు

మన పిల్లల్లో చాలామంది అయిదో తరగతికే గురుకులాల్లో, హాస్టళ్లలో చేరుతున్నారు. పదేళ్ల బిడ్డ ఒంటరిగా సూది వేసుకునే పరిస్థితి వస్తోంది. చేర్చే ముందు ఈ పనులు చెయ్యండి.

హెడ్మాస్టరు గారిని, వార్డెన్‌ను, నర్సు ఉంటే ఆమెను బిడ్డతో కలిసి కలవండి. డాక్టరు గారి ఉత్తరం ఇవ్వండి. లో షుగరు వచ్చినప్పుడు ఏం చెయ్యాలో ఒక కాగితం మీద తెలుగులో రాసి గోడకు అంటించమనండి. మందు పెట్టడానికి ఆఫీసు ఫ్రిజ్‌లో చోటు అడగండి. వాడిన సూదులు వేయడానికి మందపాటి ప్లాస్టిక్ సీసా ఇవ్వండి, చెత్తబుట్టలో వేస్తే ఊడ్చేవాళ్లకు గుచ్చుకుంటాయి. బిడ్డ సూది వేసుకునేటప్పుడు పక్కన నిలబడి చూసే పెద్ద మనిషి ఎవరో పేరుతో సహా తెలుసుకోండి. అలాంటి మనిషి ఎవరూ లేకపోతే ఆ సంవత్సరం హాస్టలు వాయిదా వేయడమే మంచిది. చదువు ఒక ఏడాది ఆలస్యమైతే సర్దుకోవచ్చు.

బ్యాగులో చక్కెర పొట్లం, ఒక బిస్కెట్ ప్యాకెట్ ఎప్పుడూ ఉండాలి. "ఇది తినుబండారం కాదు, మందు" అని టీచరుకు చెప్పండి. 10, 12 తరగతుల పరీక్షల్లో షుగరు ఉన్న విద్యార్థులు గ్లూకోజు మాత్రలు, పండ్లు, నీళ్ల సీసా వంటివి హాలులోకి తెచ్చుకోవడానికి సీబీఎస్‌ఈ 2017లో అనుమతించింది. 2023లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ కూడా ఈ పిల్లలను బడిలో షుగరు చూసుకోనివ్వాలని, ఇన్సులిన్ వేసుకోనివ్వాలని, వేళకు తిననివ్వాలని రాష్ట్రాలకు రాసింది. అడగడానికి మొహమాటపడవద్దు. అడగడం కూడా బిడ్డకే నేర్పండి. "సార్, నాకు లో అవుతోంది, నేను తినాలి" అని క్లాసులో లేచి చెప్పగలిగిన బిడ్డ సగం బాధ్యత నేర్చుకున్నట్టే.

దాచమని చెప్పకండి

"ఎవరికీ చెప్పకమ్మా, రేపు పెళ్లి కాదు" అని ఆడపిల్లలకు చెబుతారు. మీ భయం నాకు అర్థమవుతుంది. కాని ఫలితం చూడండి. స్నేహితుల ముందు సూది వేసుకోవలసి వస్తుందని ఆ పిల్ల మధ్యాహ్నం సూది మానేస్తుంది. లో షుగరుతో పడిపోతే పక్కనున్న వాళ్లకు ఏం చెయ్యాలో తెలియదు. కనీసం ఇద్దరు స్నేహితురాళ్లకు, ఒక టీచరుకు తెలిసి ఉండాలి. పెళ్లి మాటలు వచ్చినప్పుడు నిజం చెప్పి చేయండి. అత్తగారింట్లో దాచిపెట్టి సూది వేసుకునే కోడలి కష్టం మేము వార్డులో చూస్తున్నాం. షుగరు అదుపులో ఉంటే ఈ అమ్మాయిలు పిల్లలను కని పెంచగలరు. గర్భం రాకముందే షుగరు అదుపులో ఉండాలని మాత్రం వాళ్లకు తెలియాలి.

కొందరు ఆడపిల్లలు సన్నబడడానికి ఇన్సులిన్ తగ్గించుకుంటారు. బరువు ఉన్నట్టుండి తగ్గితే తిట్టకుండా మా దగ్గరికి తీసుకురండి. మగపిల్లలకు బండి ఎక్కే ముందు షుగరు చూసుకోవడం, జేబులో చక్కెర పెట్టుకోవడం నేర్పండి. తాగిన తర్వాత కొన్ని గంటలకు, నిద్రలో కూడా, షుగరు బాగా పడిపోవచ్చు. "మా వాడు తాగడు" అని ఈ మాట చెప్పకుండా ఊరుకోవద్దు. తెలిసి ఉండడం మంచిది.

ఇంట్లో మిగతావాళ్ల పని

నాన్నలకు ఒక విన్నపం. సూది వేయడం, షుగరు చూడడం మీరూ నేర్చుకోండి. ఒక్కరి మీద ఆధారపడిన ఇల్లు నిలవదు. తాతయ్యలు, నాయనమ్మలు జాలిపడి చాటుగా లడ్డూ పెట్టవద్దు. పండగకు అరిసె తినకూడదని కాదు. అందరితో కలిసి, లెక్క ప్రకారం, ఇన్సులిన్‌తో తినవచ్చు. చాటుగా పెట్టిన లడ్డూ బిడ్డకు రెండు పాఠాలు నేర్పుతుంది: దాచి తినడం, దాచి చెప్పడం. అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను కాపలాదారులుగా పెట్టవద్దు. "అమ్మా, వీడు చాక్లెట్ తిన్నాడు" అని చాడీ చెప్పడం వాళ్ల పని కాదు. లో షుగరు గుర్తులు తెలుసుకుని చక్కెర అందించడం వాళ్ల పని. ఇల్లంతా ఒకే వంట తింటే ఇంకా మంచిది.

ఈ వారం చేయవలసినది

ఇంటికి వెళ్లాక అన్నీ ఒకేసారి మార్చవద్దు. ఒక కాగితం తీసుకోండి. షుగరుకు సంబంధించిన పనులన్నీ ఒకదాని కింద ఒకటి రాయండి: చేతులు కడుక్కోవడం, వేలు గుచ్చడం, రాయడం, మందు తీయడం, సూది వేయడం, చోటు మార్చడం, బ్యాగులో చక్కెర పెట్టడం, మందు తెచ్చుకోవడం. ఒక్కొక్క పని ఎదురుగా ఎవరు చేస్తున్నారో రాయండి. అన్నింటికీ "అమ్మ" అని ఉంటే ఒక పని బిడ్డకు ఇవ్వండి. అన్నింటికీ బిడ్డ పేరే ఉంటే రెండు పనులు మీరు వెనక్కి తీసుకోండి. వచ్చే నెల క్లినిక్‌కు ఆ కాగితం తీసుకురండి. మూడు నెలలకోసారి మార్చుకుందాం.

పిల్లలు ఎంత పెద్దవాళ్లయినా, వాళ్లు సూది వేసుకునేటప్పుడు అప్పుడప్పుడు పక్కన కూర్చోండి. ఏమీ అనకండి. సహాయం కూడా చెయ్యకండి. కూర్చోండి చాలు. ఈ పని నీదే, కాని నువ్వు ఒంటరివి కావు అని వాళ్లకు తెలుస్తుంది.

ఏ సందేహం వచ్చినా క్లినిక్ రోజున అడగండి. ప్రశ్న చిన్నదని మొహమాటపడకండి.